ఫుట్‌బాల్ ఆటయందు తప్పొప్పుల నిర్ణయము

సాయంకాలమున మన పాఠశాల మైదానమందు ఫుట్‌బాల్ ఆట జరుగునప్పుడు గట్టుమీద నిలిచి చూచువారి నోట మాటిమాటికి వినవచ్చు కేక యొకటి కలదు. ఇద్దరు బాలురు బంతికై పరుగెత్తి యొకరినొకరు తాకి, వారిలో నొకడు క్రింద పడినంతనే "ఫౌల్! ఫౌల్!" అని నలుదిక్కుల నుండియు అరచుదురు. పడినవాడు మన పాఠశాల బాలుడైనచో ఆ కేక మరింత బిగ్గరగా నుండును. పడద్రోసినవాడు మన బాలుడైనచో గట్టంతయు మౌనము వహించును. ఈ వింతను మేము చాలకాలము నుండి చూచుచున్నాము. ఈల నోట పెట్టుకొని మైదానము నడుమ పరుగెత్తువాని కష్టము గట్టుమీదివారికి తెలియదు. తెలియవలసిన యవసరమును వారికి అంతగా లేదు. కాని తమ బిడ్డలను ఆటకు పంపు తల్లిదండ్రులును, రేపు తామే ఈల పట్టవలసిన పెద్ద తరగతుల బాలురును, రెఫరీ దేనిని చూచి ఈల ఊదునో, దేనిని చూచియు ఊదక యుండునో కొంత యెరిగియుండుట మంచిదని తోచి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

ఫుట్‌బాల్ దేహమునకు దేహము తగులు ఆట. బాడ్మింటన్ ఆటలో వలె నడుమ వల కట్టి ఇరుపక్షముల వారిని వేరుచేయు ఏర్పాటు ఇందు లేదు. ఒకే బంతికై ఇద్దరు పరుగిడినప్పుడు భుజమునకు భుజము తగులక మానదు. తాకుడు వేరు, తప్పు వేరు. తాకుడంతయు తప్పే యని ఈల ఊదు రెఫరీ ఆటను చంపును. తాకుడంతయు ఆటలో భాగమే యని ఊరకుండు రెఫరీ ఆటగాండ్రను చంపును. ఈ రెంటికి నడుమ గీత యెక్కడ గీయవలయునన్నదే ప్రశ్న.

ఈ యాటకు నిబంధనలు వ్రాసినవారికే ఈ విషయమున ఏకాభిప్రాయము లేకపోయెను. 1863వ సంవత్సరమున లండను నగరమందు ఫ్రీమేసన్స్ టావెర్న్ అను చోట కొన్ని క్లబ్బులవారు కూడి ఫుట్‌బాల్ అసోసియేషనును స్థాపించిరి. ఎదిరి యాటగాని మోకాలి దిగువ యెముకపై బూటుతో తన్నుట ఆ కాలమున ఇంగ్లండు దేశపు కొన్ని పాఠశాలలలో ఆటలోని భాగమే. దానిని 'హాకింగ్' అనెడివారు. ఆ తన్నులు మాన్పవలయునని కొందరు, మాన్పినచో ఆటలోని పౌరుషము నశించునని కొందరు వాదించిరి. మాన్పవలయుననువారే నెగ్గిరి. బ్లాక్‌హీత్ క్లబ్బువారు అలిగి వెడలిపోయి, కొన్నియేండ్లకు 1871లో రగ్బీ సంఘమును స్థాపించినవారితో చేరిరి. కావున 'ఎంతవరకు తాకవచ్చును?' అను తగవు ఈ యాటతోనే పుట్టినదని చెప్పవచ్చును.

తొలినాళ్లలో మైదానము నడుమ రెఫరీ లేడు. ఇరుపక్షములవారును చెరియొక అంపైరును తెచ్చుకొనెడివారు. ఆటగాండ్రు మొరపెట్టుకొన్నప్పుడే వారు తీర్పు చెప్పెడివారు. వారిద్దరికిని పొసగనప్పుడు గీత వెలుపల నిలిచిన మూడవ వానికి నివేదించెడివారు. ఆ నివేదన బట్టియే వానికి రెఫరీ యను పేరు వచ్చెను. 1891లో అతనిని మైదానము లోనికి పిలిచి, తీర్పంతయు అతని చేత పెట్టి, అంపైర్లను గీతమీది లైన్స్‌మన్‌లుగా మార్చిరి. మన గట్టుమీది కేకలు ఆ పాత మొరల శేషములేమో! పెనాల్టీ కిక్కు పుట్టినదియు ఆ సంవత్సరముననే. ఐర్లండు దేశపు గోల్‌కీపరగు విలియం మక్రం దానిని ప్రతిపాదించెను. పెద్దమనుష్యులు కావలెనని తప్పు చేయుదురా, ఇట్టి నిబంధన మాకు అవమానము గదా యని అప్పుడు కొందరు కోపించిరి. పెద్దమనుష్యులును చేయుదురని అనుభవము వలన తేలెను.

ఇప్పుడు నిబంధనలు 17. వానిలో 12వది తప్పులను గూర్చినది. ఎదిరిని ఢీకొనుట, అతని మీదికి దుముకుట, తన్నుట, నెట్టుట, కొట్టుట, కాలు అడ్డుపెట్టి పడద్రోయుట, బంతికై పైబడుట, అనగా టాకిల్ చేయుట - ఇవి యన్నియు అందు చెప్పబడినవి. తన్నబోయి తప్పినను, కొట్టబోయి తగులకున్నను తప్పే. ఐతే ఈ పనులు చేసినంతమాత్రమున తప్పు కాదు. ఏ తీరున చేసెనన్నదే ముఖ్యము. దీనికి మూడు మెట్లు కలవు. మొదటిది ఏమరుపాటు, రెండవది లెక్కలేనితనము, మూడవది మితిమీరిన బలము.

సంత వీధిలో ఎద్దుబండి తోలువానిని తలచుకొనిన ఈ మూడును తేటపడును. పక్కచూపు చూచుచు తోలి యొకని భుజమునకు కాడి తగిలించినచో అది ఏమరుపాటు. జనము కనబడుచున్నను, 'వారే తప్పుకొందురు లెమ్ము' అని ఎడ్లను అదలించినచో అది లెక్కలేనితనము. దారికడ్డముగా నున్నవాని మీదికే ములుకోలతో పొడిచి తోలినచో అది మూడవది. ఆటయందును ఇట్లే. మొదటిదానికి ఫ్రీ కిక్కు చాలును, ఆటగానికి వేరు శిక్ష లేదు. రెండవదానికి పసుపు చీటి. మూడవదానికి ఎర్ర చీటి. వాడు మైదానము విడువవలయును, వాని పక్షము ఒకడు తక్కువగా ఆడవలయును.

ఈ చీటీల పుట్టుక వినదగినది. కెన్ ఆస్టన్ అను నాంగ్లేయుడు వృత్తిచే బడిపంతులు. 1962లో శాంటియాగో నగరమున చిలీ, ఇటలీ దేశముల నడుమ ముష్టియుద్ధము వలె జరిగిన ప్రపంచకప్పు ఆటకు రెఫరీగా నుండి నానాబాధలు పడెను. 1966లో ఇంగ్లండు, అర్జెంటీనాల ఆటలో రెఫరీ యొక భాష, ఆటగాండ్రు వేరొక భాష మాట్లాడుటచే ఎవరికి హెచ్చరిక ఇచ్చిరో ఎవరికిని తెలియక గందరగోళమయ్యెను. ఆ పిమ్మట ఆస్టను లండను వీధిలో కారు తోలుకొనిపోవుచు కూడలిలోని రంగు దీపములను చూచి, పసుపుపచ్చయైన మెల్లగా పొమ్మనియు, ఎరుపైన ఆగుమనియు ఏ భాషవానికైనను తెలియును గదా యని తలచెను. 1970లో మెక్సికో ప్రపంచకప్పునందు చీటీలు మొదట వాడుకలోనికి వచ్చెను. హైదరాబాదువాడై, మన దేశపు జట్టుచే 1951లోను 1962లోను ఏషియన్ క్రీడలలో స్వర్ణపతకము గెలిపించిన సయ్యద్ అబ్దుల్ రహీము గారును బడిపంతులే. ఈ యాటకును మా వృత్తికిని ఏదో చుట్టరికము కలదని మేము కొంత గర్వించుట కలదు. పాఠకులు మన్నింతురు గాక.

'వాడు కావలెనని చేయలేదండీ' అని బాలురు తరచు చెప్పుదురు. పూర్వపు నిబంధనలలో 'కావలెనని' యను మాట యుండెడిది. ఇప్పుడు లేదు. ఒకని మనస్సులో నేమున్నదో రెఫరీ చూడజాలడు. కాలు ఎక్కడ పడెనో, ఎంత వేగముతో పడెనో చూడగలడు. కావున చూడగల దానినే చూడుమని నిబంధన చెప్పుచున్నది.

భుజముతో భుజమును ఒరయుట ఒప్పు. చేయి దేహమునకు దగ్గరగా నుండవలయును. బంతి ఇద్దరికిని అందునంత దూరమున నుండవలయును. బలము మితముగా నుండవలయును. మోచేయి వెలికి వచ్చినను, వెనుక నుండి వీపును గుద్దినను తప్పు. బంతిని తన వీపు వెనుక దాచుకొని నిలుచుట ఒప్పే, బంతి తన కాలికందు దూరమున నున్నంత వరకు. బంతి ఎక్కడనో యుండగా దారి కడ్డముగా నిలిచి ఎదిరిని ఆపుట మాత్రము తప్పు. తాకకుండ అడ్డగించినచో ఇన్‌డైరెక్టు ఫ్రీ కిక్కు, తాకి అడ్డగించినచో డైరెక్టు. గోల్‌కీపరు సంగతి వేరు. పూర్వము బంతి చేతబట్టిన గోల్‌కీపరును సైతము భుజముతో గుద్దవచ్చును. 1957లో ఇంగ్లండు ఎఫ్.ఏ. కప్పు కడపటి యాటలో ఆస్టన్ విల్లా ఆటగాడు మక్‌పార్లండు వచ్చి తాకగా మాంచెస్టర్ యునైటెడ్ గోల్‌కీపరు రే వుడ్ చెక్కిలి యెముక విరిగెను. తాకినవాడు ఆటలోనే యుండి రెండు గోళ్లు కొట్టి కప్పు గెలిపించెను. మరుసటి యేట అదే కప్పు కడపటి యాటలో బోల్టన్ ఆటగాడు లాఫ్ట్‌హౌసు, బంతితో సహా గోల్‌కీపరు గ్రెగ్గును వలలోనికి త్రోయగా రెఫరీ గోలు ఇచ్చెను. నేడు అట్లు చేసిన బాలునికి మేము ఫ్రీ కిక్కుతో సరిపెట్టము.

ఇక మేము ఈ వ్యాసము వ్రాయుటకు అసలు కారణమైన దానిని చెప్పెదము. రెండేండ్ల క్రిందట మన బాలురకును వేరొక పాఠశాల బాలురకును జరిగిన ఆటకు మేము రెఫరీగా నుంటిమి. రెండవ సగమున ఎదిరి పక్షపు కుడి ఫార్వర్డు బంతితో గీతవెంట పరుగెత్తుచుండెను. మన బ్యాక్ పక్క నుండి నేలమీద జారుచు వచ్చి బంతిని తాకెను. బంతి గీత దాటెను. అతడు బంతిని తాకినది నిజము. మేము ముప్పది గజముల దూరమున నుంటిమి. 'బంతికే తగిలినది' యని తలచి, చేయి చూపి, త్రో ఇచ్చితిమి. అప్పుడు గదా ఫార్వర్డు లేవకుండుట చూచితిమి. జారి వచ్చిన బాలుని రెండు కాళ్లును కత్తెర వలె వాని చీలమండను బిగించినవి. ఎముక విరిగెను.

ఆ బాలుని తండ్రి ఆట చూడవచ్చియుండెను. కుమారుని బండిలో నెక్కించిన పిమ్మట మా యొద్దకు వచ్చెను. కోపపడలేదు. మేమే ముందుగా, "మా పిల్లవాడు బంతినే తాకెనండీ" అంటిమి. అతడు, "అయ్యవారూ, వాడు బంతిని తాకుట నేనును చూచితిని. మా వాని కాలిని తాకుట మీరు చూచితిరా?" అని యడిగెను. మాయొద్ద ప్రత్యుత్తరము లేకపోయెను.

బంతిని ముందు తాకినచో తప్పు లేదను మాట నిబంధనలలో ఎక్కడను లేదు. అది ఆటగాండ్ర నోట పుట్టి, గట్టుమీద పెరిగి, తుదకు రెఫరీల చెవిలో దూరిన మాట. బంతిని తాకుట ఒక సాక్ష్యము మాత్రమే. బంతిని తాకి, ఆ వేగముననే ఎదిరి కాలిని విరుగగొట్టినవాడు మితిమీరిన బలము చూపినవాడే. ఆ దినమున మేము చేయవలసినది ఎర్ర చీటి చూపుట. అది మన బాలుడైనందున మా చేయి వెనుదీసెనా యని మమ్ము మేము పలుమారు ప్రశ్నించుకొంటిమి. అట్లు కాదనియే నమ్ముచున్నాము. ఐనను ప్రమాణము చేయజాలము. మరియొకటి కూడ చెప్పవలయును. అంతకు పది నిమిషములకు ముందు అదే బ్యాక్ అదే ఫార్వర్డు కాలికి వెనుకనుండి కాలు తగిలించెను. చిన్న తప్పే యని, ఆట సాగనిమ్మని, మేము ఈల ఊదలేదు. పిలిచి ఒక మాటయైనను చెప్పలేదు. మొదటి తప్పునకు అడ్డు లేదని తెలిసిన బాలుడు రెండవ తప్పునకు జంకునా?

ఆ నాటినుండి టాకిల్ చూచునప్పుడు మేము బంతిని కాక కాళ్లను చూచుట అలవాటు చేసికొంటిమి. వచ్చుచున్నవాడు ఒక కాలితో వచ్చెనా, రెంటితోనా? బూటు అడుగు మేకులు కనబడుచున్నవా, నేలవైపున నున్నవా? పాదము నేల నంటియున్నదా, గాలిలో నున్నదా? ఎదురుగా వచ్చెనా, కనబడని వెనుకవైపు నుండియా? బంతి నిజముగా అందు దూరమున నున్నదా, ఎప్పుడో పోయినదా? వచ్చువాడు తన వేగమును తానే ఆపుకొనగల స్థితిలో నున్నాడా? ఇవన్నియు రెప్పపాటు కాలములో చూడవలయును. మొదట కష్టమే గాని కన్ను అలవాటుపడును.

చూచుటకు నిలుచు చోటు ముఖ్యము. ఇద్దరు ఆటగాండ్రు ఒకే వరుసలో కనబడు చోట నిలిచినచో ముందున్నవాని వీపు తప్ప మరేమియు కనబడదు. వారిద్దరి నడుమ సందు కనబడునట్లు పక్కగా నిలువవలయును. దూరము పదునైదు, ఇరువది గజములు మించకుండుట మేలు. మరీ దగ్గరైనచో బంతికే మనము అడ్డు తగులుదుము. 2010లో జొహానెస్‌బర్గు నగరమున జరిగిన ప్రపంచకప్పు కడపటి యాటలో హాలండు ఆటగాడు డి యాంగ్ తన బూటు అడుగుతో స్పెయిను ఆటగాడగు అలోన్సో రొమ్మున తన్నెను. రెఫరీ హోవర్డ్ వెబ్ పసుపు చీటితో విడిచెను. తనకు చక్కగా కనబడలేదనియు, అది ఎర్ర చీటికి తగిన తప్పనియు పిమ్మట ఆయనయే ఒప్పుకొనెను. అంతటివానికే ఒక వీపు అడ్డము వచ్చినచో మనమెంత!

కన్ను సహజముగా బంతి వెంట పోవును. అది మరియొక యపాయము. 1982లో స్పెయిను దేశపు సెవిల్ నగరమున ఫ్రాన్సు, పశ్చిమ జర్మనీలు ప్రపంచకప్పు సెమీఫైనలు ఆడుచుండిరి. ఫ్రాన్సు ఆటగాడు బాటిస్టన్ గోలువైపు బంతి తన్నెను. బంతి పక్కగా పోయెను. కాని ఎదురుగా ఎగిరివచ్చిన జర్మనీ గోల్‌కీపరు షూమాకరు తుంటి వాని మొగమునకు తగిలి, స్మృతి తప్పి పడిపోయెను, పండ్లు ఊడెను, వెన్నెముకకు దెబ్బ తగిలెను. రెఫరీ తప్పు పట్టలేదు, గోల్ కిక్కు మాత్రమే ఇచ్చెను. ప్రపంచమంతయు చూచిన దానిని అధికారికముగా ఎవరును చూడనట్లయ్యెను. అందుచేత మేము మన బాలురకు నేర్పునది ఏమనగా, బంతిని తన్నిన పిమ్మట రెండు క్షణములు తన్నినవానినే చూడుమని. ఆలసించి వచ్చు కాలు అప్పుడే వచ్చును.

తప్పు జరిగినను ఈల ఊదక యుండవలసిన సమయములు కలవు. తప్పునకు గురియైన పక్షమువారికే బంతి దక్కి, వారు గోలువైపు సాగుచున్నచో, ఈల ఊదుట తప్పు చేసినవానికే మేలు చేయుట యగును. అప్పుడు రెఫరీ చేతులు ముందునకు చాచి ఆట సాగనిచ్చును. దీనిని 'అడ్వాంటేజి' అందురు. కొన్ని క్షణములలో ఆ లాభము చేకూరనిచో వెనుకకు మరలి మొదటి తప్పునకే ఫ్రీ కిక్కు ఇయ్యవచ్చును. గట్టుమీదివారు, 'ఇంతసేపు నిద్రించి ఇప్పుడు ఊదినాడు' అని నవ్వుదురు. నవ్వనిండు. కాని మితిమీరిన బలము చూపినచోట, గోలు తప్పదనిపించిననే తప్ప, ఆట సాగనీయరాదు. దెబ్బతిన్నవాని పక్షమువారు ప్రతీకారమునకు చూచుచుందురు.

పెనాల్టీ గీతలోపల తప్పు వేరు, వెలుపల తప్పు వేరు అను భ్రమ బలముగా నున్నది. మైదానము నడుమ తప్పయినది గోలుకు పది గజముల దూరములోను తప్పే. భేదము దాని ఫలములోనిది. ఆ ఫలము పెద్దదగుటచే రెఫరీకి నోరు ఎండును. అది మాకు తెలియును. గోలు కొట్టబోవువానిని తప్పుచేసి ఆపినచో సామాన్యముగా ఎర్ర చీటియే. కాని 2016 నుండి, ఆ గీతలోపల బంతికై నిజముగా ప్రయత్నించి పొరబడినవానికి పెనాల్టీతో పాటు పసుపు చీటి చాలునని మార్చిరి. పట్టి లాగినవానికి, నెట్టినవానికి ఆ మినహాయింపు లేదు.

తాకకయే పడిపోయి కాలు పట్టుకొని దొర్లు నటులను గూర్చి ఎక్కువ వ్రాయము. వారికి పసుపు చీటి కలదు.

వట్టికాళ్లతో ఆడుట మన దేశమున పాత యలవాటు. 1911లో మోహన్ బగాన్ జట్టువారు, ఒకరు తప్ప, వట్టికాళ్లతోనే ఆడి బూట్లు తొడిగిన తెల్లదొరల పటాలమును గెలిచిరి. 1948 లండను ఒలింపిక్సునందును మనవారిలో పెక్కురు వట్టికాళ్లతోనే ఆడిరి. ఆ కథలు గొప్పవే. కాని ఇప్పటి నిబంధన ప్రకారము పాదరక్షలును, షిన్ గార్డులును తప్పనిసరి. సెలవు దినములలో మైదానమునకు వచ్చు బాలురు కొందరు బూట్లతోను, కొందరు వట్టికాళ్లతోను కలిసి ఆడుచున్నారు. బూటుగల కాలికి ఏమరుపాటు మాత్రమే యైనది వట్టికాలికి వ్రేలు చితుకుట యగును. అందరును తొడుగవలయును, లేదా ఎవరును తొడుగరాదని వారికి చెప్పియున్నాము. తల్లిదండ్రులును చెప్పుదురని కోరుచున్నాము.

పెద్ద పోటీలలో 2018 నుండి రెఫరీకి యంత్రసహాయము కలదు. ఎక్కడనో కూర్చున్నవారు చిత్రములను మరల మరల చూచి చెవిలో చెప్పుదురు. చూచి చూచి వారును పోట్లాడుకొనుచున్నారని పత్రికలలో చదువుచున్నాము. మన మైదానమున ఆ సహాయము లేదు. ఒక ఈల, రెండు జెండాలు, ఒక చేతిగడియారము మాత్రమే కలవు.

కాలు విరిగిన ఆ బాలుడు ఆరు మాసములకు నడచెను, ఏడాదికి పరుగెత్తెను. ఈ సంవత్సరము వారి పాఠశాల తరపున మరల మన మైదానమునకు వచ్చెను, కుడి ఫార్వర్డుగానే. ఆట మొదలగుటకు ముందు మేము ఇరుపక్షముల బ్యాక్‌లను నడుమకు పిలిచి, జారివచ్చు టాకిల్ విషయమున మా తీర్పు ఎట్లుండునో ముందే చెప్పితిమి. మూడవ నిమిషమున మన బ్యాక్ ఏమరుపాటున వాని మడమ తాకెను. ఈల ఊదితిమి. గట్టుమీద మనవారు గొణిగిరి. ఆ బాలుని తండ్రి ఆ దినమునను గట్టుమీదనే నిలిచి యుండెను.